ప్రక్కన నడచు పరిచర్య

ధ్యాన భాగములు: 2 సమూయేలు 4:4, 16:1–4, 19:24–30, లూకా 10:30–37, గలతీ 6:1–5



బలహీనునికి సహాయము చేయవలెనని మనలో ఎవరికిని క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఆదివారపు బడిలో చేరిన మొదటి సంవత్సరముననే ఆ పాఠము నేర్చుకొంటిమి. గాని ఎంత సహాయము చేయవలెను, ఎచ్చట ఆగవలెను అను ప్రశ్న మనము తరచుగా వేసికొనము. చేతికఱ్ఱతో నడచు సహోదరుడు దేవాలయపు మెట్లు ఎక్కుచుండగా పరుగెత్తిపోయి అతని చంక క్రింద చేయి వేసి లేవనెత్తుదుము. అతడు మనలను అడిగెనా? లేదు. తానే ఎక్కగలడా? మనము విచారింపలేదు. మంచి పని చేసితిమను సంతోషముతో మనము ఇంటికి పోవుదుము. అతడు ఏ తలంపుతో ఇంటికి పోయెనో మనమెరుగము.

ఈ ప్రశ్నను ధ్యానించుటకై ఈ నెల మన గ్రామములకు కొంత దూరముగానున్న ఒక సేవను గూర్చి వ్రాయుచున్నాము. అంగవైకల్యము గల పిల్లలను, పెద్దలను గుర్రముపై కూర్చుండబెట్టి, ఆ స్వారీ ద్వారా వారి దేహమునకును మనస్సునకును మేలు చేయు సేవ అది. మన ఊళ్లలో గుర్రము పెండ్లి ఊరేగింపులోనో, పెద్దలు చెప్పు జట్కా బండ్ల మాటలలోనో తప్ప అంతగా కనబడదు. అయినను ఆ గుర్రము ప్రక్కన కూలి తీసికొనకుండ నడచు సామాన్యులైన స్త్రీ పురుషులు నేర్చుకొను పాఠము మన సంఘములన్నిటికిని అవసరమైనది.

డెన్మార్కు దేశపు స్త్రీ

లిస్ హార్టెల్ అను ఆమె డెన్మార్కు దేశములో 1921లో జన్మించెను. చిన్ననాటి నుండి గుర్రపు స్వారీలో నేర్పు గలది. 1944లో ఆమెకు ఇరువది మూడేండ్లు. గర్భవతిగానున్న ఆ దినములలోనే పోలియో జ్వరము ఆమెను పడగొట్టెను. కాళ్లు, చేతులు చచ్చుబడెను. బిడ్డ క్షేమముగా పుట్టెను గాని తల్లి తిరిగి గుర్రమెక్కునని ఎవరును అనుకొనలేదు. ఆమె మాత్రము చేయి ఎత్తుట, ప్రాకుట, కఱ్ఱల మీద నిలుచుట ఒక్కొక్కటిగా తిరిగి నేర్చుకొనెను. మోకాళ్ల క్రింద భాగమునకు బలము ఎన్నటికిని తిరిగి రాలేదు. అయినను ఆమె మరల జీను మీద కూర్చుండి, కాళ్లతో గుర్రమునకు చేయవలసిన సైగలను నడుము కదలికతోను, దేహపు బరువుతోను చేయుట అభ్యసించెను.

1952లో ఫిన్లాండు దేశపు హెల్సింకి పట్టణములో ఒలింపిక్ పోటీలు జరిగెను. డ్రెస్సేజ్ అనబడు స్వారీ పోటీ, అనగా గుర్రమును సూక్ష్మమైన సైగలతో క్రమముగా నడిపించు విద్య, అంతకు ముందు సైన్యాధికారులకు మాత్రమే తెరువబడియుండెను. ఆ సంవత్సరమే స్త్రీలకును అందులో ప్రవేశము దొరకెను. లిస్ హార్టెల్ జూబిలీ అను తన గుర్రముపై పురుషులతో సమానముగా పోటీచేసి వెండి పతకము గెలిచెను. బంగారు పతకము పొందిన స్వీడన్ దేశస్థుడు హెన్రి సెంట్ సీర్ ఆమెకు చేయూతనిచ్చి బహుమాన పీఠము నెక్కించెను. 1956లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఒలింపిక్ స్వారీ పోటీలలో ఆమె మరల వెండి పతకము పొందెను. ఆమె 2009లో మరణించెను.

ఈ వృత్తాంతములో ఒక సంగతి గమనింపుడి. ఆమెను గుర్రము మీదికి ఎక్కించుటకును, దింపుటకును ఇతరులు కావలసియుండిరి. ఆ సహాయము పొందుటకు ఆమె సిగ్గుపడలేదు. గాని పోటీ జరుగు ఆవరణములోనికి ఆమె ఒంటరిగా పోయెను. అచ్చట ఎవరును ఆమె కళ్లెము పట్టుకొనలేదు. ఆమె కుంటిదను కనికరముతో ఆ పతకము ఇయ్యబడలేదు. అవసరమైన చోట చేయి, అవసరము లేని చోట ఎడము: ఈ రెండును ఆమె యొద్దనున్నవారు ఎరిగియుండిరి. వారు ఆమెను ఎక్కింపక పోయిన యెడల ఆమె ఇంటిలోనే యుండును. ఎక్కించిన తరువాత విడువక పోయిన యెడల ఆమె మోయబడిన బరువుగానే మిగిలిపోవును.

గుర్రపు నడకలోని మేలు

ఆమె విజయము చూచి అనేక దేశములలో జనులు ఆలోచింపసాగిరి. ఇంగ్లండులోని ఎసెక్సు జిల్లాలో చిగ్వెల్ అను చోట 1964లో అంగవైకల్యము గల పిల్లలకొరకు పొట్టి గుర్రముల స్వారీ సంస్థ యొకటి ఏర్పడెను. ఆ దేశములో ఇట్టి గుంపులన్నిటిని కలుపు సంఘము 1969లో ప్రస్తుత రూపము దాల్చెను. ఆ సంవత్సరమే అమెరికాలోను ఇట్టి సంఘము స్థాపింపబడెను. నేడు అనేక దేశములలో ఈ సేవ సాగుచున్నది.

గుర్రము నడచునప్పుడు దాని వీపు ముందుకు వెనుకకు, పైకి క్రిందికి, ఆ ప్రక్కకు ఈ ప్రక్కకు కదలును. పైన కూర్చున్నవాని నడుము ఎముకలు ఆ కదలికతో కూడ కదలును. మనుష్యుడు తన కాళ్లతో నడచునప్పుడు నడుము ఏలాగు కదలునో యిదియు దాదాపు ఆలాగే యుండును. కనుక ఎన్నడును అడుగు వేయని బిడ్డ దేహమునకు సయితము నడచుట ఎట్టిదో కొంత తెలియవచ్చును. ప్రతి అడుగునకును బిడ్డ ఒరిగిపోకుండ తన్నుతాను సరిచేసికొనవలెను గనుక వీపు, కడుపు కండరములకు పని కలుగును. గుర్రపు ఒడలి వేడిమి మన ఒడలి వేడిమి కంటె కొంచెము ఎక్కువ. ఆ వెచ్చదనమునకు బిగుసుకొనిపోయిన తొడలు సడలును. మాటలాడుటకు వెనుదీయు బిడ్డ గుర్రము కదలవలెనను ఆశచేత ‘నడువు’ అని పలుకుటకు ప్రయత్నించును.

ఇంకొక మేలు కలదు. చక్రముల కుర్చీలో కూర్చుండు బిడ్డ పుట్టినది మొదలు అందరి ముఖములను తలయెత్తి చూచును. గుర్రమెక్కిన దినమున మొదటిసారి ఇతరులే తలయెత్తి ఆ బిడ్డను చూతురు.

అయితే ఇది అద్భుత స్వస్థత కాదు. ఈ స్వారీ వలన సెరిబ్రల్ పాల్సీ మాయమగునని గాని, చచ్చుబడిన నరము జీవించునని గాని తెలిసినవారెవరును చెప్పరు. సరిగా కూర్చుండుట, ఒడలు నిలుపుకొనుట, ధైర్యము, పదిమందితో కలియుట ఇట్టి మేలులు కలుగవచ్చును. వెన్నెముక, తుంటి బలహీనత గల కొందరికి, అదుపులేని మూర్ఛ గలవారికి స్వారీ హానికరము కావచ్చును. కనుక వైద్యుని అనుమతి లేక ఎవరిని ఎక్కింపరు. తలకు హెల్మెట్టు లేక ఎవరిని కదలనియ్యరు.

ప్రక్కన నడచువారు

ఇక మన ముఖ్య విషయమునకు వత్తము. క్రొత్తగా స్వారీ చేయు ఒక బిడ్డ చుట్టు ఎందరుందురు? శిక్షకులు ఒకరు నిలిచి అంతయు చూచుచుందురు. ఒకరు గుర్రపు తల యొద్ద పగ్గము పట్టుకొని నడిపింతురు. బిడ్డ కుడి ప్రక్కను ఒకరు, ఎడమ ప్రక్కను ఒకరు నడతురు. శిక్షకులు తప్ప తక్కినవారు తరచుగా స్వచ్ఛంద సేవకులే. వారిలో పింఛను పుచ్చుకొన్న ఉపాధ్యాయులు, గృహిణులు, కళాశాల విద్యార్థులు నుందురు. గుర్రమును గూర్చి ఏమియు తెలియకుండ వచ్చి నేర్చుకొన్నవారును కలరు.

ప్రక్కన నడచువారికి నేర్పు మొదటి పాఠములు వినుడి. బిడ్డ కాలి యొద్దనే నడువవలెను, వెనుకబడరాదు. బలహీనముగా కూర్చుండు బిడ్డయైతే ముంజేతిని బిడ్డ తొడ మీదుగా అడ్డముంచి జీనును పట్టుకొనవలెను, గాని గుర్రముపై తమ బరువు మోపరాదు. శిక్షకులు మాటలాడుచుండగా ఇరు ప్రక్కలనుండి ఉపదేశములు చేయరాదు. మూడు నోళ్లు ఒక్కసారి పలికిన యెడల బిడ్డ ఎవరి మాట వినును? చేయి నొప్పి పుట్టినప్పుడు ఇద్దరును ఒక్కసారి చేతులు తీయరాదు. గుర్రమును ఆపించి, ఒకరి తరువాత ఒకరు ప్రక్క మార్చుకొనవలెను. గుర్రమును నడిపించువాని గురి గుర్రము మీద, ప్రక్కన నడచువాని గురి బిడ్డ మీద నుండవలెను.

ఇవన్నియు కష్టము కావు. కష్టమైన పాఠము తరువాత వచ్చును. కొన్ని వారములైన పిమ్మట బిడ్డ నడుము కొంత నిలుచును. అప్పుడు శిక్షకులు, ‘చేయి తీయుడి, గాని దగ్గరనే నడువుడి’ అందురు. బిడ్డ ఒక ప్రక్కకు కొంచెము ఒరుగును. నడచువాని చేయి తనంతట తానే పైకి లేచును. అయితే ఆ క్షణమున అతడు ఓర్చుకొనవలెను. బిడ్డ తానే తిరిగి సరిగా కూర్చుండుటకు రెండు మూడు అడుగుల సమయము కావలెను. అతడు తొందరపడి నెట్టి సరిచేసిన యెడల ఆ అడుగుల మేలును బిడ్డ యొద్దనుండి తీసికొన్నవాడగును. నిజముగా పడబోవు చున్నప్పుడు పట్టుకొనక పోయిన యెడల ద్రోహి యగును. ఈ రెంటి భేదము కనుగొనుటయే ఆ పరిచర్య.

కొందరి విషయములో మరికొంత కాలమునకు ఒక ప్రక్కవారు అవసరము లేకపోవుదురు. పిమ్మట రెండవవారును తొలగుదురు. ఒక దినమున పగ్గము సయితము విప్పబడును. అప్పటివరకు ఎండలోను దుమ్ములోను నడచిన సేవకుడు ఆవరణపు కంచె యొద్ద నిలిచి చూచును. అతని పని ముగిసినది. పని చక్కగా జరిగినందుననే అతడు అక్కరలేని వాడాయెను. తాను తగ్గుచుండగా మరియొకడు హెచ్చుట చూచి సంతోషించిన బాప్తిస్మమిచ్చు యోహానును ఇచ్చట జ్ఞాపకము చేసికొనుడి.

మెఫీబోషెతు చుట్టునున్నవారు

పరిశుద్ధ గ్రంథములో ఒక కుంటివాని చరిత్ర కొంచెము విపులముగా వ్రాయబడినది. అతడు యోనాతాను కుమారుడైన మెఫీబోషెతు. అతనికి సహాయము చేయవలసిన ముగ్గురిని చూతము.

మొదట అతని దాది. సౌలును యోనాతానును యుద్ధములో హతులైరను వార్త వచ్చినప్పుడు ఆమె అయిదేండ్ల బిడ్డను ఎత్తుకొని పారిపోయెను. ఆ తొందరలో బిడ్డ పడి రెండు కాళ్లు కుంటివాయెను. ఆమెకు ప్రేమ లేదని ఎవరు చెప్పగలరు? ప్రాణమునకు తెగించి బిడ్డను ఎత్తుకొనెను. గాని ప్రేమతో కూడ తొందరయు ఉండెను. మనము తొందరగా చేసిన మేలు ఎందరిని పడవేసెనో ఆ దినమున తెలియును.

రెండవవాడు సేవకుడైన సీబా. దావీదు అబ్షాలోమునకు భయపడి యెరూషలేము విడిచి పోవుచుండగా, సీబా జీను కట్టిన గాడిదలను, రొట్టెలను, పండ్లను తీసికొని రాజునకు ఎదురుపోయెను. యజమానుడు ఎక్కడ అని అడుగగా అతడు రాజ్యమునకు ఆశపడి పట్టణములోనే నిలిచెనని చెప్పెను. దావీదు ఆ మాట నమ్మి మెఫీబోషెతు ఆస్తియంతయు సీబాకు ఇచ్చివేసెను. తరువాత మెఫీబోషెతు వచ్చి తన పక్షమున చెప్పినది చదువుడి. తాను కుంటివాడు గనుక గాడిదకు జీను కట్టించి, ఎక్కి, రాజుతో కూడ పోవలెనని కోరెననియు, సేవకుడు తన్ను మోసపుచ్చెననియు అతడు మొరపెట్టుకొనెను.

చదువరులారా, ఇది ఎంత గట్టి సంగతి! కుంటివానికి కాళ్లకు బదులుగానుండవలసిన వాహనమునే సేవకుడు తన ఘనతకొరకు వాడుకొనెను. బలహీనుని పేరట వచ్చినదానితో తాను మెప్పు పొందెను. మన దినములలోను సీబాలు కలరు. చక్రముల కుర్చీ పంచిపెట్టిన దినమున కుర్చీలో కూర్చున్నవాని ముఖము కనబడకుండ ముందు వరుసలో నిలిచి ఫొటో తీయించుకొనువారు ఆ కుర్చీ చక్రము ఆరు మాసములకు ఊడినప్పుడు ఎక్కడనుందురు?

మూడవవాడు దావీదు. అతడు మెఫీబోషెతును లోదెబారు నుండి రప్పించి తన బల్ల యొద్ద కూర్చుండబెట్టినవాడు. అంతటి ఉపకారి సయితము అతనిని గూర్చిన నింద విన్నప్పుడు అతనిని విచారింపలేదు. అతనిని గూర్చి మరియొకని నోట విని తీర్పు చేసెను. ఇది మంచివారి తప్పిదము. బిడ్డ ఎదుటనే కూర్చునియుండగా ‘వీడు ఏమి తినును? వీనికి ఏమి తెలియును?’ అని తల్లిని అడుగుట మనము ఎరుగుదుము గదా.

మన ప్రభువు మార్గము వేరు. గ్రుడ్డివాడైన బర్తిమయి ఎదుట నిలిచినప్పుడు అతని అవసరము ఎవరికి కనబడక యుండెను? అయినను తన కొరకు ఏమి చేయగోరుచున్నావని ప్రభువు అతనినే అడిగెను. సర్వమును ఎరిగినవాడు అడుగగా, ఏమియు ఎరుగని మనము అడుగకుండ చేయుదుమా?

ఎవని బరువు, ఎవని భారము?

గలతీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయములో పౌలు మొదట ఒకరి భారములు ఒకరు మోయవలెనని బోధించును. రెండు మూడు వచనములైన పిమ్మట ప్రతివాడును తన బరువు తానే మోసికొనవలెనని చెప్పును. ఈ రెండును ఒకదానికొకటి విరోధముగా తోచును. గాని గుర్రము ప్రక్కన నడచినవానికి ఇవి విరోధముగా తోచవు. మొదటి మాట చేయి చాపుమని చెప్పును. రెండవ మాట ఆ చేతికి హద్దు చూపును. ఒకనిని నలిపివేయు భారము క్రింద అతనిని ఒంటరిగా విడుచుట పాపము. అతడు మోయగల బరువును అతని భుజము మీదనుండి లాగికొనుటయు ప్రేమ కాదు. అది అతనిని చిన్నవానిగా చేయుట.

ఇచ్చట ఒక తల్లి అడుగవచ్చును: ‘అయ్యా, నా బిడ్డ కూర్చుండనే లేడు, మాటలాడలేడు. మీరు విడువుమనుచున్నారు. నేను విడిచిన యెడల వాడు బ్రదుకునా?’ అమ్మా, నీ ప్రశ్న న్యాయమైనది. ఈ వ్రాతను ఎవరును కఠినముగా గ్రహింపకుందురు గాక. ఎన్ని సంవత్సరములైనను ఇరు ప్రక్కల చేతులు కావలసిన స్వారీదారులు కలరు. వారి ప్రక్కను నడచువారు ఓడిపోయినవారు కారు. వారి స్వారీ తక్కువదియు కాదు. ఆ బిడ్డకు తల యెత్తి నిలుపుకొనుటయే ఆ దినపు పని కావచ్చును, పగ్గమును రెండు వ్రేళ్లతో ముట్టుకొనుటయే కావచ్చును. ఆ చిన్న పని ఆ బిడ్డదే. దానిని బిడ్డకే విడువవలెను. తక్కినదంతయు మనము పట్టుకొందము. విడుచుట ప్రేమకు కొలత కాదు. ఎదుటివానిని చూచుటయే కొలత. చూచినవాడు ఎప్పుడు పట్టుకొనవలెనో, ఎప్పుడు ఆగవలెనో నేర్చుకొనును.

మంచి సమరయుని యందు ఈ జ్ఞానము కనబడుచున్నది. గాయపడినవాడు చేతనైన స్థితిలో లేడు గనుక అతడు ఏ ఆలస్యము చేయక గాయములు కట్టి, తన వాహనము మీదనే ఎక్కించెను. వాహనము రోగికి ఇచ్చినవాడు తాను ప్రక్కనే నడచి వచ్చియుండునని తలంచుట తప్పు కాదు. పూటకూళ్ల యింట రాత్రి పరామర్శించెను. మరునాడు డబ్బు కట్టి, ఇంకేమైన ఖర్చయిన యెడల తిరిగి వచ్చినప్పుడు ఇత్తునని చెప్పి తన దారిని పోయెను. అతడు విడిచిపోయెను గాని విడనాడలేదు. ఆ రోగి జీవితమంతయు తనకు ఋణస్థుడై తన వెంట తిరుగవలెనని కోరలేదు.

లద్దె ఎత్తువారు

ఈ సేవలో కనబడని భాగమొకటి కలదు. బిడ్డ వారమునకు ఒకసారి అరగంటయో గంటయో స్వారీ చేయును. గుర్రము వారమునకు ఏడు దినములు తినును. వానదినమున స్వారీ ఆగును గాని మేత ఆగదు. నాలుగు వందల కిలోల గుర్రమునకు దినమునకు సుమారు ఎనిమిది కిలోల గడ్డి కావలెను. ఆరు మొదలు ఎనిమిది వారములకొకసారి డెక్కలు చెక్కింపవలెను. లద్దె ఎత్తవలెను, సాల కడుగవలెను, మాలీసు చేయవలెను. చందా యిచ్చువారికి జీను మీద నవ్వుచున్న బిడ్డ కనబడును. సాలలో తట్ట పట్టినవాడు కనబడడు. అయితే అతడు ఒక వారము మానిన యెడల ఆ నవ్వు కూడ ఆగిపోవును.

గుర్రమును గూర్చియు ఆలోచింపవలెను. నీతిమంతుడు తన పశువు ప్రాణమును లక్ష్యపెట్టునని సామెతల గ్రంథము పండ్రెండవ అధ్యాయము బోధించుచున్నది. ఈ సేవకు సాధువైన, తొణకని గుర్రమునే ఏర్పరచుదురు. అది అదరిపడదు గనుక దానికి అలసట లేదని తలంచరాదు. చెవులు వెనుకకు అణచుకొనుట, తోక విసరుట మొదలైన గుర్తులు చూచి దానికి విశ్రాంతి నియ్యవలెను. ముసలిదైనప్పుడు దానిని పోషింపవలెను. బలహీనునికి మేలు చేయు పేరట మరియొక మూగజీవమును అరగదీయుట ధర్మము కాదు. సహాయము చేయువాడును అలసిపోవునని మనము మరువకూడదు. మన యిండ్లలో మంచమున పడిన పెద్దలను సేవించు కోడండ్రకు, తల్లులకు ఒక మధ్యాహ్నపు విశ్రాంతి ఎవరు ఇచ్చుచున్నారు?

మన సంఘములలో

మన గ్రామములలో ఇట్టి గుర్రపుశాలలు లేవు. ఈ వ్రాత చదివి ఎవరును పెండ్లి గుర్రము మీద బిడ్డను ఎక్కింపబోకుడి. అలవాటు లేని గుర్రము, తర్ఫీదు లేని మనుష్యులు కలిసిన యెడల అపాయమే. అయితే ప్రక్కన నడచు పరిచర్యకు గుర్రము కావలసినది లేదు.

భారతదేశములో పోలియో చివరి రోగి 2011 జనవరిలో కనుగొనబడెను. 2014లో మన దేశము పోలియో లేని దేశముగా ధ్రువపరచబడెను. దేవునికి స్తోత్రము. గాని అంతకు ముందు ఆ జ్వరము తగిలినవారు నేడును మన మధ్య జీవించుచున్నారు. వారు మన వెనుక బెంచీలలో కూర్చుండుచున్నారు. 2016లో చేయబడిన వికలాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క విధములైన వైకల్యములను గుర్తించి, వారికి దయను గాక హక్కును ఇచ్చినది. లోకపు చట్టము హక్కు అనుచుండగా, సంఘము ఇంకను క్రిస్మసునకు ఒక చీర, ఒక దుప్పటితో తృప్తిపడునా?

కొన్ని సంగతులు పెద్దల యెదుట ఉంచుచున్నాము. మొదటిది, అడుగుడి. సహాయము చేయుటకు ముందు, ‘ఏలాగు సహాయపడుదును?’ అని ఆ వ్యక్తినే అడుగుడి. ‘వద్దు’ అనిన యెడల నొచ్చుకొనకుడి. రెండవది, ఎక్కుటకు దారి చేయుడి. స్వారీ శాలలలో చక్రముల కుర్చీతో గుర్రము ఎత్తునకు చేరుటకు ఏటవాలు మెట్ట కట్టుదురు. మన దేవాలయపు ద్వారము యొద్ద మూడు మెట్ల ప్రక్కను అట్టి ఏటవాలు దారి కట్టుటకు కొన్ని సిమెంటు బస్తాలు, రెండు దినముల పని చాలును. అది కట్టిన తరువాత ఆ సహోదరుడు ప్రతి ఆదివారము ఎత్తబడి వచ్చుటకు బదులుగా తానే వచ్చును. మూడవది, పని ఇయ్యుడి. లెక్కలు వ్రాయుట, వాక్యము చదువుట, ఆదివారపు బడిలో బోధించుట, పాటలు నడిపించుట వీటికి కాళ్లు కావలెనా? నాలుగవది, వెంట పొండి. మన రెండు రాష్ట్రములలో ప్రత్యేక అవసరములు గల పిల్లలకొరకు ప్రభుత్వపు భవిత కేంద్రములు కలవు. కూలికి పోవు తల్లికి బిడ్డను అచ్చటికి తీసికొనిపోవుటకు దినము దొరకదు. యౌవనస్థుల సమాజము నుండి ఒకరు వారమునకు ఒక దినము ఆ తల్లితోనో, తల్లి పక్షముగనో పోయిన యెడల అది గుర్రము ప్రక్కన నడచుటయే. గాని ఒక నెల పోయి మానుకొనకుడి. మధ్యలో చేయి తీసిన యెడల పడువాడు బిడ్డయే.

మోయువారును, మోయబడువారును అని సంఘములో రెండు జాతులు లేవు. నేడు ప్రక్కన నడచువాడు రేపు జీను మీద కూర్చుండవలసి వచ్చును. వార్ధక్యము మనలో అనేకులను ఆ స్థితికి తెచ్చును. ఆ దినమున మన చెంతకు వచ్చు చేతులు ఏలాటివై యుండవలెనని కోరుదుమో, నేడు మన చేతులు అట్టివై యుండును గాక.

ప్రార్థన: ప్రభువా, మా చేతులకు బలము నిమ్ము, వాటికి ఓర్పును నేర్పుము. తొందరపడు ప్రేమనుండియు, మెప్పు కోరు ఉపకారమునుండియు, అడుగకుండ తీర్పుచేయు దయనుండియు మమ్మును కాపాడుము. మా ప్రక్కను నీవు నడచునట్లు మేము ఒకరి ప్రక్కను ఒకరము నడచుటకు కృప దయచేయుము. ఆమేన్.